రూపమే కథ – ఐదవ పాఠం: ఆ రిజిస్టరు ఎవరి కోసం?

గత పాఠంలో కల్యాణి డ్యాం కాపలాదారు రాసే రిజిస్టరు రూపంలో ఒక ఊహాకథ రాయమన్నాను. తిరుపతికి నీళ్లిచ్చే ఆ జలాశయం మీద 2061లో సర్కారు అనుమతి లేకుండా వాన కురవదన్నది మనం అనుకున్న లోకం. వచ్చిన కథల్లో ఊహ బలంగానే ఉంది, కాని చాలావాటిలో రిజిస్టరే లేదు. అందుచేత ఈసారి చెప్పాలనుకున్న, కాలాన్ని తలకిందులు చేసే పద్ధతిని వాయిదా వేసి, ముందు ఈ చిక్కు విప్పుకుందాం.

ఎక్కువమంది మొదటి నమోదును "ఇరవై ఏళ్ల క్రితం ప్రభుత్వం మేఘాలను స్వాధీనం చేసుకున్నప్పటి నుంచి" అని ఆరంభించారు. ఈ సంగతి కాపలాదారుకు తెలుసు, రిజిస్టరు తనిఖీ చేసే ఇంజనీరుకూ తెలుసు. మరి ఎవరికి చెబుతున్నట్టు? పాఠకుడికి. అక్కడే కాపలాదారు తప్పుకొని రచయిత వచ్చి కూర్చుంటాడు. అదే కాపలాదారు "వాన: అనుమతి రాలేదు. నీటిమట్టం: నిన్నటిదే" అని రాస్తే, వానకు అనుమతి ఏమిటన్న ప్రశ్నతో పాఠకుడే ఆ లోకంలోకి నడుస్తాడు. కొన్నాళ్లకు "రంగంపేట వైపు అనుమతి లేని జల్లు. పైకి తెలియజేయలేదు" అన్న పంక్తి వస్తే ఆ ఉద్యోగి తిరుగుబాటు మొదలైనట్టే, దానికి వ్యాఖ్యానం అక్కరలేదు. కొట్టివేసిన అంకె, మారిన చేతిరాత కూడా కథ చెబుతాయి. నా మట్టుకు నాకు ఖాళీగా వదిలిన గడి అన్నిటికన్నా ఇష్టం.

1897లో వెలువడిన 'డ్రాకులా' అనే ఆంగ్ల నవలలో ఓడ కప్తాను రాసుకున్న దినచర్యను గమనించండి. నావికులు ఒక్కొక్కరే ఎందుకు మాయమవుతున్నారో అతనికి తెలియదు, ఓడలో రక్తపిశాచి ఉన్నాడని మనకు తెలుసు. భయమంతా ఆ తేడాలోనే పుడుతుంది.

పాఠకుడికి అర్థం కాకపోతే ఎలా అని కొందరు అడిగారు. అప్పుడు వివరణ చేర్చకండి, మరొక కాగితం చేర్చండి. అదీ తన పని కోసం పుట్టినదే కావాలి. పాత కాగితం వాడితే శీర్షిక చూసుకోండి: 2022 ఏప్రిల్ 4కు ముందు తిరుపతి జిల్లా లేదు, చిత్తూరు జిల్లా అనే రాయాలి.

అభ్యాసం: అదే కథను కాపలాదారు రిజిస్టరు, ఇంజనీరు మెమో, రంగంపేట వేరుశెనగ రైతు అర్జీ, ఈ మూడు కాగితాల్లో 400 మాటలకు మించకుండా తిరగరాయండి. ఒక్క కాగితంలోనూ "ఎందుకంటే" రాకూడదు. ఈ పాఠం చదవని ఒకరి చేత చదివించి, ఆ లోకం గురించి వారికి అర్థమైనదంతా వారి మాటల్లోనే రాయించుకోండి. మధ్యలో మీరు నోరు విప్పకూడదు. వచ్చే పాఠానికి ఆ రాతను మీ కథతో కలిపి పంపండి.