ఇంట్లో హోయా తీగను పెంచడం ఎలా?

మైనపు మెరుపున్న దళసరి ఆకులను, నక్షత్రాకారపు పూల గుత్తులను చూసి ముచ్చటపడి హోయాను కొనుక్కున్నవారిలో చాలామంది, ఏడాది తిరగకుండానే దాన్ని కుళ్లబెట్టి, ‘ఇది మన ఎండలకు పడే మొక్క కాదు’ అని తీర్పు చెబుతుంటారు. ఆ తీర్పు సరైనది కాదు. హోయాలలో వందలాది జాతులు ఉష్ణమండల ఆసియా అడవులలోనే పుట్టాయి. హోయా వైటీ అనే జాతి మన పడమటి కనుమలలో చెట్లను పట్టుకుని పెరుగుతోంది. జిల్లేడు, గన్నేరు, నందివర్ధనం ఏ కుటుంబానికి చెందినవో హోయా కూడా ఆ కుటుంబానిదే. తుంచితే పాలు కారతాయి. ఇళ్లలో ఇవి చనిపోవడానికి అసలు కారణం మనం నీళ్లు పోసే పద్ధతి.

మొక్కను ఎంచుకోవడంతో పని మొదలవుతుంది. నర్సరీలలో తరచుగా దొరికేది హోయా కార్నోసా. ఇది మంచి మొక్కే గాని, ఏప్రిల్, మే నెలలలో మన వేడికి పెరుగుదల ఆపేసి ఊరకుంటుంది. దాన్ని చూసి కంగారు పడనవసరం లేదు. ఫిలిప్పీన్స్‌కు చెందిన పూబికేలిక్స్, ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవులకు చెందిన ఆస్ట్రాలిస్ వేడిని ఇంకా బాగా తట్టుకుంటాయి కనుక మొదటిసారి పెంచేవారు వీటిలో ఒకదాన్ని తీసుకోవాలి. సన్నటి ఆకులతో జడలా వేలాడే లీనియారిస్ హిమాలయ ప్రాంతపు మొక్క; విజయవాడలో మే నెల గడపవలసినవారు దాని జోలికి పోకపోవడమే మంచిది. ఫిబ్రవరి 14 దగ్గర పడగానే చిన్న కుండీలో హృదయాకారపు ఆకు ఒక్కటే గుచ్చి ప్రేమ కానుకగా అమ్ముతుంటారు. అది హోయా కెర్రీ ఆకు. కణుపు లేకుండా కోసిన ఆకు వేళ్లు పోసుకుని కొన్నేళ్లు పచ్చగా ఉండగలదు గాని, ఎన్నటికీ తీగ సాగదు. అదే డబ్బుకు రెండు కణుపులున్న చిన్న ముక్క కొనుక్కోవడం ఎంతో నయం.

సామగ్రి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. అడుగున రంధ్రమున్న నాలుగైదు అంగుళాల మట్టి కుండీ కావాలి. ప్లాస్టిక్ కుండీలో పెరగదని కాదు, కాని మన వానాకాలపు తేమలో మట్టి కుండీయే మేలు. రెండు వంతుల కొబ్బరి పీచు ముక్కలు లేదా పైన్ బెరడు, ఒక వంతు పెర్లైట్ (తేలికైన తెల్లటి ఖనిజపు గుళికలు), ఒక వంతు వర్మీకంపోస్టు, గుప్పెడు బొగ్గు ముక్కలు కలిపితే మిశ్రమం సిద్ధమవుతుంది. తోటమట్టి వద్దు. కడియంలో కొన్నా, హైదరాబాదులో కొన్నా, మొక్క వట్టి కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టులో) ఉంటే పది పదిహేను రోజులు ఇంటి వాతావరణానికి అలవాటు పడనిచ్చి, వేళ్ల చుట్టూ ఉన్న కోకోపీట్‌ను మెల్లగా విదిల్చి కుండీ మార్చాలి. పెద్ద కుండీలో పెడితే త్వరగా పెరుగుతుందన్న నమ్మకాన్ని వదిలేయాలి. వేళ్లు కాస్త ఇరుకుగా ఉంటేనే హోయా బాగా పూస్తుంది.

తూర్పు కిటికీ దీనికి అన్నిటికంటె మంచి చోటు. ఉదయం రెండు మూడు గంటల లేత ఎండ, తరువాత రోజంతా వెలుతురు ఉంటే చాలు. పడమటి ఎండ పడే చోట పలచని తెర కట్టాలి. గది మూలలో, టీవీ పక్కన పెట్టిన హోయా చావదు, పూయదు. ఏసీ గాలి నేరుగా తగలకూడదు.

ఇక నీళ్ల సంగతికి వద్దాం. హోయాలలో అధికభాగం నేలలో వేళ్లూనే మొక్కలు కావు. అడవిలో ఇవి చెట్ల బెరడును, కొమ్మల పంగలలో పేరుకున్న ఆకుల తుక్కును పట్టుకుని బతుకుతాయి. వాన కురిసినప్పుడు వాటి వేళ్లు పూర్తిగా తడుస్తాయి, వాన వెలిశాక గాలికి త్వరగానే ఆరిపోతాయి. ఆ వేళ్లకు తడి ఎంత అవసరమో గాలి అంతకంటె ఎక్కువ అవసరం. పైగా దళసరి ఆకులలో నీరు నిల్వ ఉంటుంది. కార్నోసా వంటివి పగటి వేడిలో ఆకు రంధ్రాలను మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటాయి కాబట్టి వాటికి నీటి ఖర్చు కూడా తక్కువే. ఇలాంటి మొక్కకు తులసికి పోసినట్టు రోజూ పొద్దున్నే చెంబెడు నీళ్లు పోస్తే వేళ్లకు ఊపిరాడక కుళ్లిపోతాయి.

‘వారానికి ఎన్నిసార్లు పోయాలి?’ అని అడుగుతుంటారు. ఈ ప్రశ్నకు అంకెతో జవాబు చెప్పేవారిని నమ్మకూడదు. హైదరాబాదులో ఏప్రిల్ ఎండకు మట్టి కుండీ నాలుగైదు రోజులలో ఆరిపోవచ్చు. అదే మొక్క విశాఖపట్నంలో శ్రావణమాసపు ముసురులో పదిహేను రోజులైనా ఆరకపోవచ్చు. కాబట్టి క్యాలెండరును పక్కనబెట్టి కుండీనే పరీక్షించాలి. వేలు గుచ్చి చూడడం చాలదు, ఎందుకంటే పైన రెండు అంగుళాలు పొడిగా ఉన్నా అడుగున తడి నిలిచి ఉండవచ్చు. శుభ్రమైన కొబ్బరి ఈనెను అడుగు తగిలేదాకా గుచ్చి, పది నిమిషాలు ఉంచి బయటికి తీయాలి. అది చల్లగా, ముదురు రంగుకు తిరిగి వస్తే నీళ్లు పోయకూడదు. దానితోపాటు కుండీని చేతితో ఎత్తి బరువు చూడడం అలవాటు చేసుకుంటే, కొన్నాళ్లకు ఈనెతో పని ఉండదు.

మూడో పరీక్ష ఆకుది. తీగ కింది భాగంలోని ముదురాకును రెండు వేళ్లతో నెమ్మదిగా వంచి చూడాలి. బిర్రుగా ఉండి వంగనంటే నీరు నిండుగా ఉన్నట్టు. మెత్తగా వంగితే దాహం వేసినట్టు. కెర్రీ వంటి మందపాటి ఆకులకు ఈ పరీక్ష పనికిరాదు, వంచబోతే విరుగుతాయి. అక్కడ బరువునే నమ్ముకోవాలి. ఈ పరీక్షలన్నీ పోయమన్నప్పుడే పోయాలి. పోసేటప్పుడు మాత్రం పిసినారితనం పనికిరాదు: అడుగు రంధ్రం నుంచి ధారగా కారేదాకా పోసి, కింది పళ్లెంలోని నీళ్లు పారబోయాలి. రోజుకు అర గ్లాసు చొప్పున పోస్తే పైపొర ఎప్పుడూ తడిగా, లోపలి వేళ్లు ఎప్పుడూ అర్ధాకలితో ఉంటాయి.

అసలు ప్రమాదం ఇక్కడుంది. నీళ్లు చాలక ముడతలు పడిన ఆకు, వేళ్లు కుళ్లి ముడతలు పడిన ఆకు చూడడానికి ఒకేలా ఉంటాయి. కుళ్లిన వేళ్లు నీటిని పీల్చలేవు కాబట్టి, తడి మిశ్రమంలో ఉన్న మొక్క కూడా దాహంతో వాడుతుంది. అది చూసి ఇంట్లోవారు జాలిపడి ఇంకో చెంబు పోస్తారు, దానితో మొక్క కథ ముగుస్తుంది. ముడతలు కనబడగానే ముందు ఈనె గుచ్చాలి. లోపల పొడిగా ఉంటే నీళ్లు పోస్తే సరిపోతుంది, ఒకటి రెండు రోజులలో ఆకులు తేరుకుంటాయి. లోపల తడిగా ఉంటే వెంటనే మొక్కను కుండీ నుంచి తీసి వేళ్లను చూడాలి. గట్టిగా, తెల్లగా లేదా లేత గోధుమ రంగులో ఉన్నవి బతికి ఉన్నట్టు. నల్లబడి, పట్టుకుంటే పైతొడుగు జారి లోపలి దారం మిగిలేవి చచ్చినట్టు. చచ్చినవాటిని శుభ్రమైన కత్తెరతో తీసేసి, మొక్కను ఒక రోజు నీడలో ఆరనిచ్చి, కొత్త పొడి మిశ్రమంతో మునుపటికంటె చిన్న కుండీలో నాటి, మూడు నాలుగు రోజుల తరువాతే నీళ్లివ్వాలి. కాండం మొదలు కూడా నల్లబడి ఉంటే వేళ్లను కాపాడే ప్రయత్నం మానుకుని, పైనున్న పచ్చటి భాగం నుంచి ముక్కలు కోసుకోవడం తెలివైన పని.

నీటి నాణ్యత గురించి కూడా ఒక మాట. ఆర్‌ఓ యంత్రం వదిలే నీటిని మొక్కలకు పోసి పొదుపు చేశామనుకునేవారున్నారు. శుద్ధి అయిన నీటినుంచి తీసేసిన లవణాలన్నీ ఆ నీటిలోనే ఉంటాయి. హోయా వేళ్లకు అది మంచిది కాదు. బోరునీరు మరీ కఠినంగా ఉన్న చోట వాన నీటిని పట్టి ఉంచుకోవాలి.

ఎరువు కొంచెం చాలు. కొత్త ఆకులు వేసే కాలంలో నెలకొకసారి లీటరు నీటికి అర గ్రాము 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే ఎరువు) కలిపి పోస్తే సరిపోతుంది. అరటి తొక్కల కషాయం, టీ పిప్పి, బియ్యం కడిగిన నీళ్లు ఇంట్లోని కుండీలో పోస్తే ముసిరే చిన్న దోమలే లాభం.

కత్తెర విషయంలో రెండు నిషేధాలు పాటించాలి. ఆకులు లేకుండా పొడవుగా సాగే తీగను ఎండుపుల్ల అనుకుని కత్తిరించకూడదు. ఆకులు దానిమీదే వస్తాయి, పూలు కూడా వస్తాయి. పూలు రాలాక మిగిలే పొట్టి పూలకాడను అసలే తాకకూడదు, ఎందుకంటే మరుసటి పూత సాధారణంగా అదే కాడ మీద వస్తుంది. మొగ్గలు తొడిగిన మొక్కను చోటు మార్చినా, బాగా ఎండగట్టినా మొగ్గలు రాలిపోతాయి. ముక్కతో పెంచిన కార్నోసా పూయడానికి రెండు మూడేళ్లు పట్టడం మామూలే.

జిల్లేడు మీద కనిపించే పసుపుపచ్చ పేనుబంక హోయా లేత చివుళ్లను కూడా పట్టుకుంటుంది, కణుపుల సందుల్లో పిండినల్లి చేరుతుంది. నీటి ధారతో కడిగి, మిగిలినవాటిని సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవాలి. అప్పటికీ వదలకపోతే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బుద్రావణం కలిపి సాయంత్రం పూట చల్లాలి.

కొత్త మొక్క కావాలంటే రెండు కణుపులున్న ముక్కను కోసి, కింది కణుపు ఆకులు తీసేసి, పాలు కారడం ఆగి కోత ఆరిన తరువాత ఆ కణుపు మునిగేలా నీటిలో గాని, తడి స్ఫాగ్నమ్ నాచులో (నర్సరీలలో అమ్మే, తడిని పట్టి ఉంచే ఎండునాచు) గాని ఉంచాలి. నాచులో పెట్టిన ముక్క పోసే వేళ్లే కుండీకి బాగా అలవాటు పడతాయి కనుక నాచే మేలు. వెచ్చటి రోజులలో మూడు నాలుగు వారాలకు వేళ్లు వస్తాయి. అవి రెండు అంగుళాలు పెరిగాక కుండీలోకి మార్చి, కొత్త ఆకు విచ్చుకునేదాకా ఎరువు పెట్టకూడదు.