ఫార్వర్డ్ నొక్కే ముందు: జ్ఞానయోగం పద్ధతిలో నిజం తేల్చుకోవడం ఎలా

జ్ఞానయోగం అనగానే 'నేనెవరు' అని లోపలికి చూసుకుంటూ కూర్చోవడమే గుర్తొస్తుంది. అసలు గమ్యం అదే, కాదనను. కానీ ఆ విచారానికి తగిన బుద్ధి తయారు కావాలంటే ముందు ఒక ప్రశ్న తేలాలి: ఫలానాది నిజమని నాకెలా తెలిసింది? మన దర్శనాలు, అంటే తత్త్వశాస్త్ర సంప్రదాయాలు, ఈ ప్రశ్న మీద వందల ఏళ్లు వాదించుకున్నాయి, ఆ వాదాల్లో తేలిన పద్ధతులు ఫోన్‌లోకి వచ్చిపడే మెసేజ్‌లకు కూడా చక్కగా పనికొస్తాయి.

మొదట శమం, అంటే మనసును నిలపడం. సాధన చతుష్టయంలో, అంటే ఈ దారిలో నడిచేవాడికి ఉండాల్సిన నాలుగు అర్హతల్లో, వివేకం, వైరాగ్యం తర్వాత చెప్పిన ఆరు గుణాల్లో మొదటిది ఇదే. మెసేజ్ చదవగానే కోపమో, భయమో, 'నేను ముందే చెప్పానుగా' అనే సంబరమో పొంగుకొచ్చిందా? అక్కడే ఆగండి. మీకు కోపం వచ్చినంత మాత్రాన ఆ వార్త అబద్ధం అయిపోదు, కానీ పరీక్షించే స్థితిలో మీరు లేరని మాత్రం అర్థం. జ్ఞానం వస్తుతంత్రం అంటారు శంకరాచార్యులు, అంటే వస్తువు ఎలా ఉందో దాన్నిబట్టే జ్ఞానం ఉంటుంది, మన ఇష్టాన్నిబట్టి మారదు. నా దృష్టిలో మిగతా అంతా ఈ ఒక్క మాట మీదే నిలబడుతుంది. అందుకే 'ఇది నిజమైతే ఎంత బాగుండు' అనిపించిన వార్తనే మరింత గట్టిగా పరీక్షించాలి.

మనసు నెమ్మదించాక, ఇది నాకు ఏ ప్రమాణం వల్ల, అంటే తెలుసుకునే ఏ సాధనం వల్ల, తెలిసిందని అడగండి. న్యాయదర్శనం ప్రత్యక్షం (స్వయంగా చూడటం, వినడం), అనుమానం (సందేహం కాదు, తెలిసినదాన్నిబట్టి తెలియనిది తేల్చడం), ఉపమానం (పోలిక), శబ్దం (ఇతరులు చెప్పిన మాట) అని నాలుగు చెబుతుంది, అద్వైతులు అర్థాపత్తి (ఇది ఒప్పుకోకపోతే అది పొసగదని తేల్చడం), అనుపలబ్ధి (కనబడకపోవడం) కలిపి ఆరంటారు. చాలామంది పొరబడేది ప్రత్యక్షం దగ్గరే. 'నిన్న ఆనకట్ట తెగింది' అని వీడియో వచ్చిందనుకోండి, కళ్లారా చూశాను అనేస్తాం. మీరు కళ్లారా చూసింది పొంగుతున్న నీళ్లని. నిన్న, ఫలానా ఆనకట్ట అన్నవి ఎవరో కింద రాసిన మాటలు, అంటే శబ్దం. ఈ రెండింటినీ విడదీయగలిగితే సగం పని అయిపోయినట్టే. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే అధ్యాసను వివరిస్తూ, ఎప్పుడో చూసినది ఇప్పుడు మరోచోట ఉన్నట్టు తోచడం అంటారు. తాడులో పాము కనిపించేది అలాగే. పాత వీడియోకు కొత్త తేదీ తగిలించి పంపడం కూడా అచ్చంగా ఇదే పని. పాము కాదు కాదు అని జపం చేస్తే భయం పోదు, దీపం తేవాలి. ఇక్కడ దీపమంటే, వీడియోలోంచి ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి ఇమేజ్ సెర్చ్‌లో వేయడం, బోర్డుల మీది భాష, బళ్ల నంబర్ ప్లేట్లు, జనం వేసుకున్న బట్టలు ఆ చోటికీ ఆ కాలానికీ సరిపోతున్నాయా అని చూడటం.

అనుపలబ్ధి కూడా గొప్ప సాధనం. ఉంటే కనబడి తీరాల్సినది కనబడకపోతే, లేదనే తెలుసుకోవాలి. అంత పెద్ద ఆనకట్ట తెగితే అన్ని వార్తాసంస్థలూ చెబుతాయి, ఒక్కటీ చెప్పలేదంటే అది బలమైన ఆధారమే. కానీ ఎక్కడో చిన్న గొడవ వార్తల్లో రాలేదు కాబట్టి జరగలేదనకూడదు, అది అక్కడ కనబడాల్సినంత పెద్దది కాదు మరి.

శబ్దం విషయంలో చూడాల్సింది ఆప్తుడా కాదా అన్నది. ఆప్తుడంటే మనకు దగ్గరివాడని కాదు, విషయం స్వయంగా తెలిసి, తెలిసింది తెలిసినట్టు చెప్పేవాడు. గుండె డాక్టరు గుండె గురించి ఆప్తుడు, భూకంపాల గురించి కాదు. 'గీతలో కృష్ణుడు చెప్పాడు' అని వస్తే అధ్యాయం, శ్లోకం అడగండి. 'జరిగిందేదో మంచికే జరిగింది, నువ్వేం తెచ్చావని పోగొట్టుకున్నావు' అంటూ గీతాసారం పేరుతో తిరిగే మాటలు గీతలోని 700 శ్లోకాల్లో దేనికీ అనువాదం కావు. అడగడం అగౌరవమేమీ కాదు, గీత 4వ అధ్యాయం 34వ శ్లోకం గురువునే పరిప్రశ్నతో, అంటే గుచ్చిగుచ్చి అడిగి, తెలుసుకోమంటుంది.

అనుమానం దగ్గర ఒక్క ప్రశ్న చాలు. ఈ కషాయం తాగాక జ్వరం తగ్గింది సరే, తాగనివాళ్లకు తగ్గలేదా?

ఇంత చేసినా తేలకపోవచ్చు. అప్పుడు 'తేలలేదు' అనే చోటే ఉండండి. అది ఇబ్బందిగానే ఉంటుంది, దాన్ని ఓర్చుకోవడానికే తితిక్ష, అంటే సహనం, ఆ ఆరు గుణాల్లోనే మరొకటి. తేలనిది ఎవరికీ పంపకండి.

మనవాళ్లే తప్పుడు మెసేజ్ పంపితే? నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్లు, చర్చను మూడు రకాలు చేశారు. నిజం కోసం చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, తన పక్షమేదీ నిలబెట్టకుండా ఎదుటివాడిని ఖండించడమే పనిగా పెట్టుకుంటే వితండం. గ్రూపులో అందరి ముందూ దిద్దితే అది జల్పమైపోతుంది, పెద్దవాళ్లయితే మనసు కష్టపెట్టుకుంటారు కూడా. విడిగా ఫోన్ చేసి, 'ఇది మీకు ఎక్కడి నుంచి వచ్చిందండీ, ఇద్దరం కలిసి చూద్దామా' అనండి.

ఇక చివరిది నిదిధ్యాసన, అంటే తెలిసిన నిజాన్ని మళ్లీ మళ్లీ తలచుకుని మనసులో నిలుపుకోవడం. విన్నాం, ఆలోచించి తేల్చుకున్నాం, అయినా పాత నమ్మకం మళ్లీ తలెత్తుతుంది, ఎందుకంటే పదేపదే విన్నది నిజమనిపించడం మనసుకు అలవాటు. కాబట్టి తేల్చుకున్న నిజాన్ని ఒక్క వాక్యంలో, ఎలా తేలిందో కూడా చేర్చి రాసిపెట్టుకోండి. అదే వీడియో కొత్త తేదీతో మళ్లీ వచ్చినప్పుడు ముందు ఆ వాక్యం తీసి చదవండి.