బ్యాంకు అప్పు ఎప్పుడూ తీసుకోనివాళ్లకి సిబిల్ స్కోరు ఎలా?

మా తమ్ముడు రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం చేస్తాడు. ఇన్నేళ్లలో ఎవరికీ రూపాయి ఎగ్గొట్టలేదు. అయినా నిరుడు ట్రాలీ ఆటో లోన్‌కి వెళ్తే, సిబిల్‌లో (మన అప్పులు, కట్టిన తీరు రికార్డు చేసి దాన్నిబట్టి స్కోరు ఇచ్చే సంస్థ) హిస్టరీయే లేదని వెనక్కి పంపేశారు. చేబదుళ్లు, మనలో మనం వేసుకునే చీటీలు ఎంత ఠంచనుగా కట్టినా ఆ రికార్డులోకి ఎక్కవు. నాకు చాలా బాధేసింది.

మీదీ అదే పరిస్థితి అయితే, ఖాతా ఉన్న బ్యాంకులోనే చిన్న ఎఫ్‌డీ (ఫిక్స్‌డ్ డిపాజిట్) వేసి, దాని మీద క్రెడిట్ కార్డు అడగండి. హిస్టరీ లేకపోయినా ఇస్తారు, ఎఫ్‌డీకి వడ్డీ మామూలుగానే వస్తుంది. మావాడు 20 వేలు వేస్తే 16 వేల లిమిట్ వచ్చింది. బండి డీజిల్ మాత్రమే దాని మీద కొట్టిస్తాడు, నెలకి నాలుగు వేలు దాటనివ్వడు. లిమిట్‌లో 30 శాతం లోపు వాడితే స్కోరుకి మంచిది. బిల్లులో 'మినిమమ్ డ్యూ' అని చిన్న అంకె కనిపిస్తుంది, అది కట్టి ఊరుకోకండి. మిగతాదాని మీద వడ్డీ వాచిపోతుంది. గడువుకి రెండు రోజుల ముందే మొత్తం కట్టేయండి.

బంగారం లోన్, పంట లోన్ కూడా రికార్డులో పడతాయి, కాబట్టి రెన్యువల్ తేదీ మర్చిపోవద్దు. మొహమాటానికి ఎవరికైనా హామీ సంతకం పెడితే ఆ అప్పు మీ రిపోర్టులోనూ కనిపిస్తుంది.

రిపోర్టు ఏడాదికోసారి సిబిల్ వెబ్‌సైట్‌లో ఉచితం. పేరు, పాన్ నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి.