మీసాల చేపల చెట్టు – 3వ పాఠం: కొమ్మ ఎక్కడ చీలింది?

గత పాఠంలో మన చేపల పేర్లు అక్షర క్రమంలో రాసుకున్నాం కదా, ఆ జాబితాని ఈరోజు పక్కన పెట్టేయండి. ప్రపంచంలో మీసాల చేపల (క్యాట్‌ఫిష్) జాతులు దాదాపు 4,000 ఉన్నాయి. అఆల వరసలో వెతికితే పేరు దొరుకుతుంది గానీ, దాని చుట్టాలెవరో తెలియదు.

చుట్టరికం తెలియాలంటే చెట్టు గీయాలి. నోట్‌బుక్ అడ్డంగా తిప్పండి. ఎడమ అంచున ఒక గీత మొదలుపెట్టి కుడివైపుకి చీల్చుకుంటూ పోండి. చివర్లలో చేపల పేర్లు రాయాలి. ప్రతి చీలికా ఒక ఉమ్మడి పూర్వీకుడు.

మార్పు, ఇంగిలాయి అనే చేపలతో మొదలుపెడదాం. శ్రీకాకుళం మార్కెట్లో తట్ట అడుగున కాస్త తడి ఉన్నా ఇవి చాలాసేపు కదులుతూనే ఉంటాయి, ఎందుకంటే రెండూ గాలి పీల్చగలవు. మార్పుకి మొప్పల దగ్గర చిన్న పొదలా కొమ్మలు కొమ్మలుగా ఒక అవయవం ఉంటుంది. ఇంగిలాయికేమో మొప్పల నుంచి తోక వైపు సాగిన రెండు గాలి సంచులు. మార్పు వీపు రెక్క దాదాపు తోక దాకా ఉంటుంది, ఇంగిలాయిది చాలా చిన్నది. ఇవి దగ్గరి చుట్టాలు, ఒకే చీలిక మీద పెట్టండి. ఇంగిలాయిని చేత్తో పట్టి చూడొద్దు, దాని ముల్లు విషం.

జెల్ల దగ్గర చాలామంది తప్పు చేస్తారు. నది జెల్లనీ, సముద్రపు జెల్లనీ మనం ఒకే పేరుతో పిలుస్తాం, కుటుంబాలు మాత్రం వేరు. ముక్కు రంధ్రాల దగ్గర చూడండి: నది జెల్లకి అక్కడ ఒక జత మీసాలుంటాయి, సముద్రపు జెల్లకి ఉండవు. కళింగపట్నంలో వలకి పడిన ఒక మగ సముద్రపు జెల్ల నోరు తెరిచి చూశాను, గోలీకాయలంత గుడ్లు! పిల్లలయ్యే దాకా వాటిని మోసేది తండ్రే. అది చూశాక నేనెప్పుడూ ఈ రెండింటినీ ఒక కొమ్మ మీద రాయలేదు.

ఇక చెట్టు చదవడం. చీలిక దగ్గర కొమ్మల్ని పైకీ కిందకీ మార్చి రాసినా చుట్టరికం మారదు. అందుకే కాగితం మీద పక్కపక్కన ఉన్నాయని దగ్గరివి అనుకోకండి. రెండు పేర్ల మీదా వేళ్లు పెట్టి వెనక్కి జరపండి, ఎక్కడ కలుస్తాయో అదే లెక్క. పెళ్లిళ్లలో తాత దగ్గర కలిశామా, ముత్తాత దగ్గరా అని వరసలు తీసినట్టే.

అక్వేరియం అద్దానికి అతుక్కునే సక్కర్ ఫిష్ సొంతూరు దక్షిణ అమెరికా. 2006లో డీఎన్ఏ పోల్చి గీసిన చెట్టులో దాని కొమ్మ మొట్టమొదటి చీలికలోనే విడిపోయింది. ఎముకలు చూసి గీసిన పాత చెట్లలో ఆ చోటు చిలీ, అర్జెంటీనా నదుల్లోని డిప్లోమిస్టిడే కుటుంబానిది.

అభ్యాసం: 2006 చెట్టు ప్రకారం మార్పుకి దగ్గరి చుట్టం సముద్రపు జెల్లా, సక్కర్ ఫిషా? గీసి చూడండి. వచ్చే పాఠంలో వాలుగని ఎక్కించేటప్పుడు ఆ బొమ్మే కావాలి.