కొత్త టైల్స్ వేశాక పాత వంటింటి గోడకు చెమ్మ: లీకేనా?

కర్నూలు పాతబస్తీలోనో ప్రొద్దుటూరు సందుల్లోనో ఉన్న పాత రాతి మిద్దెలో వంటింటికి కొత్త టైల్స్, సింకు, గట్టు కింద ప్లైవుడ్ అరలు పెట్టించారు. ఒక్క వానాకాలం తిరిగేసరికి అరల వెనక గోడ చెమ్మగిల్లింది, తెల్లటి ఉప్పు పొడి రాలుతోంది, ప్లైవుడ్ ఉబ్బి తలుపు పడటం లేదు.

వెంటనే టైల్స్ పగలగొట్టించకండి. సింకుకు బిరడా పెట్టి, నిండా నీళ్లు పట్టి, ఒక్కసారిగా వదలండి. వేస్ట్ పైపు జాయింట్లకు ముందే పొడి పేపరు చుట్టి ఉంచండి. తడిస్తే వాషర్ మార్చుకుంటే సరి. ఈపాటి పని చేయకుండా మేస్త్రీకి ఫోన్ కొట్టేవాళ్లే ఎక్కువ.

పేపరు తడవలేదా? మరకను చూడండి. లీకైతే ఒక్కచోటే ముదురుగా ఉంటుంది. గోడ పొడవునా మోకాలెత్తున గీత గీసినట్టుంటే చెమ్మ నేలలోంచి ఎక్కుతోంది. ఇప్పుడు బయటికెళ్లి అదే గోడను వీధివైపు నుంచి చూడండి. పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే సీసీ పోస్తూ పోతే వీధి మీ వంటింటి నేలకన్నా ఎత్తుకొచ్చేసి ఉంటుంది. వాన నీళ్లు, సైడు కాలువ నీళ్లు గోడలోకే దిగుతాయి. రాయి, బంకమట్టితో కట్టిన గోడకు ఇదివరకూ చెమ్మ ఎక్కేది, కానీ సున్నపు గారలోంచి ఆరిపోయేది. మనం సిమెంటు పూసి టైల్స్ అంటించి ఆ దారి మూసేశాం. వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేస్తే మరక ఇంకో అడుగు పైకి జరుగుతుంది, అంతే. 2009లో కర్నూలును ముంచిన వరద చెమ్మ ఇంకా పోలేదని చెప్పే మేస్త్రీలున్నారు. నమ్మకండి, ఇది కొత్తగా వస్తున్న నీరే.

మిద్దె కారడం, వంట ఆవిరి? మిద్దె కారితే మరక పైనుంచి దిగుతుంది. ఆవిరికి గోడ అడుగున ఉప్పు పూయదు. వదిలేయండి.

బయట గోడ పక్కన మట్టిని లోపలి నేలకన్నా కనీసం ఆరంగుళాలు కిందికి తీయించి, నీళ్లు గోడకు దూరంగా పోయేలా వాలు పెట్టించండి. రోడ్డే ఎత్తుగా ఉంటే గోడ వెంబడి సన్నటి కాలువ తీయించక తప్పదు. లోపల మరకకు పైన ఇంకో అడుగుదాకా సిమెంటు చెక్కించి, గోడను అలా వదిలేయండి. అంగుళం మందం ఆరడానికి దాదాపు నెల అని లెక్క. పాత గోడల మందం మీకు తెలిసిందే. ఆరాక సున్నపు గారే పూయించండి. గట్టు కింద అరలు మూసేయకుండా కడప బండ నిలువులతో తెరిచి ఉంచండి. ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి బయట పారేయండి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.