ముందు డాబా, తర్వాత ఫోను: పిల్లలకి ఆకాశం నేర్పడం ఎలా

మీ పిల్లకి చుక్కలన్నా రాకెట్లన్నా సరదా ఉంటే మొట్టమొదట మానేయాల్సింది, యూట్యూబ్ తెరిచి 'స్పేస్' అని కొట్టడం. అంగారకుడితో మొదలైన వీడియో పది నిమిషాల్లో ఎగిరే పళ్ళేల దగ్గరికి, అక్కణ్ణుంచి 'నాసా దాచిన రహస్యం' దగ్గరికి వెళ్ళిపోతుంది.

నేను రైల్వే సిగ్నల్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరైనవాణ్ణి, సైన్సు మాస్టర్ని కాను. విజయవాడ సత్యనారాయణపురంలో మా డాబా మీద సాయంత్రాలు మా మనవరాలూ, పక్క ఫ్లాట్ల పిల్లలూ చేరతారు. వాళ్ళని చూస్తూ తెలుసుకున్న కిటుకు ఒకటుంది. పైన ఏదో చూసి "తాతయ్యా, అదేంటి?" అని అడిగాకే ఫోను చేతికివ్వాలి. అప్పుడు దాంట్లో జవాబు వెతుకుతారు. ముందే ఇస్తే బొమ్మలు చూస్తారు.

మొదట దించుకోవాల్సింది స్టెల్లేరియం, ఏ ఊరి నుంచి ఏ వేళకి ఆకాశం ఎలా ఉంటుందో తెర మీద చూపించే ప్రోగ్రాం. కంప్యూటర్‌లో పూర్తిగా ఉచితం. ఫోనుకి కూడా ఉచిత వెర్షన్ ఉంది, కానీ వీలైతే కంప్యూటరే మేలు. తెరవగానే ఎఫ్6 నొక్కి ఊరు విజయవాడ అనో గుంటూరు అనో పెట్టండి. పెట్టకపోతే ఎవరి ఊరి ఆకాశమో చూస్తూ కూర్చుంటారు.

ఇప్పుడు డాబా ఎక్కి ఉత్తరం వైపు తిరగండి. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. విజయవాడ అక్షాంశం 16.5 డిగ్రీలు కాబట్టి ధ్రువ నక్షత్రం కూడా నేల గీత నుంచి అంతే ఎత్తులో, అంటే పిడికిలిన్నర పైన ఉంటుంది. మా డాబా మీంచి చూస్తే సరిగ్గా పక్కవాళ్ళ వాటర్ ట్యాంకు వెనక ఉంటుంది, రెండడుగులు పక్కకి జరిగితేగానీ కనపడదు. చూశాక కిందకి దిగి, స్టెల్లేరియంలో ఊరు శ్రీనగర్‌కి మార్చమనండి. ధ్రువుడు మూడున్నర పిడికిళ్ళ ఎత్తుకి లేస్తాడు. సోషల్‌లో బట్టీ పట్టిన అక్షాంశం ఎందుకు పనికొస్తుందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

నాకు బాగా ఇష్టమైన పాఠం కార్తెలది. మే 25 దరిదాపుల్లో రోహిణి కార్తె వస్తుంది. రోళ్ళు పగిలే ఎండ అంటే ఏమిటో విజయవాడ పిల్లలకి ఎవరూ నేర్పనక్కర్లేదు. మరి ఆ ఎండకీ రోహిణికీ సంబంధమేమిటి? సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరుంటే అది ఆ కార్తె. పగలు చుక్కలు కనపడవు కాబట్టి ఊరికే చెబితే పిల్లలు నమ్మరు. స్టెల్లేరియంలో తేదీ మే 30, టైము మధ్యాహ్నం 12 పెట్టి కీబోర్డు మీద ఇంగ్లీషు 'A' అక్షరం నొక్కండి. గాలి పొర తీసేసినట్టు నీలం రంగంతా పోయి పట్టపగలే చుక్కలు బయటపడతాయి. సూర్యుడికి కొంచెం దక్షిణంగా నారింజ రంగు చుక్క ఒకటి ఉంటుంది. దాని మీద నొక్కితే ఆల్డెబరాన్ అని పేరొస్తుంది. మన రోహిణి అదే.

తర్వాత సమానం గుర్తు నొక్కుతూ పోతే ఒక్కో నొక్కుకి ఒక్కో రోజు గడుస్తుంది. సూర్యుడు రోజుకి సుమారు ఒక డిగ్రీ తూర్పుకి జరుగుతూ ఉంటాడు. 365 రోజుల్ని 27 నక్షత్రాలకి పంచితే ఒక్కో కార్తెకి పదమూడు, పద్నాలుగు రోజులెందుకో పిల్లలే లెక్క కడతారు. ఆర్నెల్ల తర్వాత, డిసెంబరు మొదట్లో, ఇటు సూర్యుడు అస్తమించే వేళకి అటు తూర్పున రోహిణి పైకొస్తుంది. అప్పుడు దాన్ని డాబా మీంచే చూడొచ్చు. ఊరి దీపాల వెలుగులో కూడా కనిపించేంత ప్రకాశం దానికుంది.

ఎండ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మే మొదటి వారం చివర్లో ఒకసారి, ఆగస్టు మొదటి వారం చివర్లో ఇంకోసారి మన ఊళ్ళలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పీవీసీ పైపు ముక్క నిటారుగా నిలబెడితే నీడ పూర్తిగా మాయమవుతుంది. మేలో అయితే అది 12 గంటలకి కాదు, 12 దాటిన నాలుగైదు నిమిషాలకి. భారత కాలమానం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది, ఆ రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది. మనం దానికి పడమరన ఉన్నాం. ఆగస్టులో ఇంకొంచెం ఆలస్యం, సుమారు 12:13. తేడా ఎందుకని అడిగే పిల్ల దొరికితే 'కాల సమీకరణం' అని వెతకమని వదిలేయండి, రెండు రోజులు మీ జోలికి రాదు.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని చూడటానికి నాసా వాళ్ళ 'స్పాట్ ద స్టేషన్' యాప్ ఉంది, ఉచితమే. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ దిక్కున మొదలై ఏ దిక్కున మాయమవుతుందో, ఎన్ని డిగ్రీల ఎత్తుకి వస్తుందో చెబుతుంది. పిడికిలి కొలత ఇక్కడ మళ్ళీ పనికొస్తుంది. సాయంత్రం చీకటి పడ్డాకో, తెల్లవారక ముందో కనిపిస్తుంది. మిణుకు మిణుకుమంటే అది విమానం. కదలకుండా వెలిగే దీపంలా సాఫీగా సాగిపోతే అదే. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకి దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో పోతుంది. విజయవాడ నుంచి గుంటూరు దూరం దానికి ఐదు సెకన్ల పని. జీవితమంతా లేటు బళ్ళు చూసినవాణ్ణి, చెప్పిన నిమిషానికి ప్రత్యక్షమయ్యేదాన్ని చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఒక్కోసారి నడి ఆకాశంలో ఉన్నట్టుండి ఆరిపోతుంది. అది భూమి నీడలోకి వెళ్ళడం, కానీ ఆ సంగతి మీరు చెప్పకండి, వాళ్ళనే ఆలోచించనివ్వండి.

రాకెట్లకి వస్తే, ఇస్రో యూట్యూబ్ ఛానల్లో వచ్చే ప్రత్యక్ష ప్రసారమే అసలు పాఠం. ఊరికే చూడనివ్వకుండా నోట్‌బుక్ ఇచ్చి కూర్చోబెట్టండి. ఇస్రో వాళ్ళ పీఎస్ఎల్‌వీ రాకెట్ అయితే నాలుగు దశలు: ఘన ఇంధనం, ద్రవ ఇంధనం, మళ్ళీ ఘనం, మళ్ళీ ద్రవం. ఏ దశ ఎన్నో సెకనులో విడిపోయింది, ఉపగ్రహాన్ని కప్పి ఉంచే హీట్ షీల్డు ఎప్పుడు ఊడింది, అప్పటికి ఎత్తెంత, వేగమెంత అన్నది స్క్రీన్ మీద చూసి రాసుకోవాలి. ధ్రువ కక్ష్యకి, అంటే భూమి ధ్రువాల మీదుగా తిరిగే దారికి, వెళ్ళే రాకెట్ నేరుగా దక్షిణానికి పోకుండా ముందు ఆగ్నేయంగా వెళ్ళి తర్వాత మలుపు తిరుగుతుంది. ఎందుకని మ్యాప్ తీసి చూసుకోమనండి. దారిలో శ్రీలంక ఉంది! చంద్రయాన్-3 దిగిన 2023 ఆగస్టు 23 నాటి ప్రసారం ఇప్పటికీ ఉంది. దిగే వేగం తగ్గుతూ వచ్చే గ్రాఫు దగ్గర ఆపి ఆపి చూపించండి.

తొమ్మిది, పది తరగతుల వాళ్ళకి గెలాక్సీ జూ అనే వెబ్‌సైటు పరిచయం చేయొచ్చు. నిజమైన టెలిస్కోప్ ఫొటోలు చూసి గెలాక్సీల ఆకారం చెప్పడమే పని. ఆ సైట్లోనే 2007లో హానీ వాన్ ఆర్కెల్ అనే డచ్ స్కూలు టీచరు అంతవరకూ ఎవరూ గమనించని ఒక వింత వాయు మేఘాన్ని పట్టుకుంది. ఒలింపియాడ్ (సైన్సు పోటీ పరీక్ష) ఆలోచన ఉంటే, వాటిని నడిపే ముంబై హోమీ భాభా సెంటర్ సైట్లో పాత ప్రశ్నపత్రాలు ఉచితంగా ఉంటాయి. ఇంగ్లీషు తడబడే పిల్లలకి మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు పక్కన పెట్టండి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు కాబట్టి మాటలు దొరుకుతాయి.

డబ్బు సంగతి. 'అంతరిక్ష శాస్త్రవేత్త సర్టిఫికెట్' ఇస్తామని వేలకి వేలు అడిగే కోర్సులు బోలెడు. మా కింది ఫ్లాట్ వాళ్ళు ఒకదానికి కట్టారు. వచ్చింది రంగుల కాగితం, ఉచితంగా దొరికే వీడియోలే. ఇస్రో వాళ్ళ యువికా అనే శిక్షణ కార్యక్రమం తొమ్మిదో తరగతి పిల్లలకి, వేసవిలో జరుగుతుంది, బస, ప్రయాణ ఖర్చులు వాళ్ళవే. పల్లెటూరి బడుల పిల్లలకి ఎంపికలో అదనపు వెయిటేజీ ఉంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, సాధారణంగా ఫిబ్రవరి, మార్చిల్లో ఇస్రో సైటు చూస్తూ ఉండండి. టెలిస్కోప్ ఇప్పుడే కొనకండి. 10x50 బైనాక్యులర్స్ చాలు, గోడకి మోచేతులానించి చూస్తే గురుగ్రహం పక్కన చంద్రులు కనిపిస్తాయి. దాంతో సూర్యుణ్ణి మాత్రం పొరపాటున కూడా చూడనివ్వకండి, కళ్ళు పోతాయి.

చివరికి స్క్రీన్ కట్టేసి శ్రీహరికోట తీసుకెళ్ళండి. ప్రయోగం చూసే గ్యాలరీకి షార్ (అక్కడి ఇస్రో ప్రయోగ కేంద్రం) సైట్లో ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి, సీట్లు త్వరగా నిండిపోతాయి. చెన్నై వైపు రైలెక్కి సూళ్ళూరుపేటలో దిగాలి. గుర్తింపు కార్డు, నీళ్ళు, టోపీ ఉండాలి. ప్రయోగాలు వాయిదా పడటం మామూలే కాబట్టి తిరుగు టికెట్ అదే రోజుకి తీసుకోకండి.