బాండు ప్రశ్న చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: అసలెంత, వడ్డీ ఎంత

బాండు ప్రశ్న అంటే, బాండ్లు అమ్మి అప్పు తేవచ్చా అని రాష్ట్రం ఎన్నికల్లో ఓటర్లను అడిగే ప్రశ్న. పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. పరిశోధనకు అప్పు తేవాలన్న ప్రతిసారీ అమెరికాలోని ఒహాయో రాష్ట్రం తన రాజ్యాంగాన్నే ఎందుకు సవరించుకుంటుంది? జవాబు 1851 నాటి ఆ రాజ్యాంగంలోనే ఉంది. రాష్ట్రం సొంతంగా చేయగల అప్పుకు అది ఏడున్నర లక్షల డాలర్ల దగ్గర గీత గీసింది. ఈ రోజుల్లో ఆ డబ్బుకు ఓ మోస్తరు వంతెన కూడా రాదు. కాబట్టి గీత దాటాలంటే ఓటర్ల చేత కొత్త నిబంధన రాయించుకోవాలి. అదే దేశంలోని మెయిన్ రాష్ట్రంలో దారి వేరు. అక్కడ అప్పు 20 లక్షల డాలర్లు మించితే సాధారణంగా ఉభయ సభల్లో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి, ఆపైన ఓటర్లలో ఎక్కువమంది సరే అనాలి. ఒహాయో జవాబు సరిగ్గా రాసినవాళ్లు ముందుకు సాగండి. ఇవాళ పెన్సిల్ కావాలి.

మన నమూనా 2024 నవంబరులో మెయిన్ ఓటర్లు ఆమోదించిన 2వ ప్రశ్న. సారం ఇది: సాంకేతిక రంగాల్లో పరిశోధన, అభివృద్ధి, వాటిని సరుకుగా మార్చే పనుల కోసం రెండున్నర కోట్ల డాలర్ల బాండుకు మీరు అనుకూలమా? డబ్బును పోటీ పద్ధతిలో ఇస్తారు. ప్రైవేటు నుంచో, ఫెడరల్ ప్రభుత్వం నుంచో కనీసం డాలరుకు డాలరు జోడింపు రావాలి. తర్వాత ఏడు రంగాల పేర్లు వరుసగా ఉంటాయి: జీవశాస్త్రాల దగ్గర మొదలై అడవులు, వ్యవసాయం, సముద్రం మీదుగా సూక్ష్మ తయారీ దాకా.

ఇందులో ముందు క్రియాపదాల కింద గీత గీయండి. ‘ఇస్తారు’, ‘రావాలి’ అనే రెండూ షరతులు, వాటిని తర్వాత నిలదీసి అడగవచ్చు. ఎన్ని ఉద్యోగాలు, ఏ ఏడాదికి అన్న మాట ప్రశ్నలో ఎక్కడా లేదు. ప్రచార కరపత్రంలో ఉద్యోగాల మాట ఎంత గట్టిగా వినిపించినా, ఓటు పడేది ప్రశ్న మీదే. జోడింపు షరతు నాకు నచ్చుతుంది కానీ పూర్తిగా నమ్మను. ఎలాగూ రాబోయే ఫెడరల్ గ్రాంటునే జోడింపుగా చూపిస్తే, షరతు తీరినట్టే ఉంటుంది, కొత్తగా వచ్చింది మాత్రం ఏమీ ఉండదు.

ఇక లెక్క. రెండున్నర కోట్లన్నది అసలు మాత్రమే. మెయిన్‌లో బాండు ప్రశ్న వెంట రాష్ట్ర కోశాధికారి ప్రకటన ఉండాలి, ఇప్పటికే ఉన్న అప్పు ఎంత, దీనికి వడ్డీ సుమారుగా ఎంత అని. అది చదవకముందే మన లెక్క మనం వేసుకుందాం, అప్పుడే చేతికి అలవాటు వస్తుంది. పదేళ్లలో, ఏటా సమాన అసలు కట్టి తీరుస్తారనుకుందాం. వడ్డీ ఏడాదికి 4 శాతం అనుకుందాం. (ఈ రేటు లెక్క కోసం నేను పెట్టుకున్నది.) మన ఊరి భాషలో చెబితే నూటికి నెలకు 33 పైసల వడ్డీ. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతమని తెలిసినవాళ్లకు ఇది చౌకగానే అనిపిస్తుంది.

మొదటి ఏడాది వడ్డీ పూర్తి అసలు మీద: 10 లక్షలు. రెండో ఏడాది పదో వంతు అసలు తీరింది కాబట్టి 9 లక్షలు. తర్వాత 8, 7, అలా చివరి ఏడాదికి ఒక్క లక్ష. అన్నీ కూడితే 55 లక్షలు. మొత్తం కట్టేది 3 కోట్ల 5 లక్షల డాలర్లు. పదింటినీ కూడే ఓపిక లేకపోతే దగ్గరి దారి ఉంది: ఏళ్లకు ఒకటి కలిపి సగం చేయండి. 10కి ఒకటి కలిపితే 11, సగం ఐదున్నర. అప్పు మొత్తం ఐదున్నరేళ్లు మన నెత్తిన ఉన్నట్టు లెక్క. మొదటి ఏడాది వడ్డీని దానితో గుణించండి, అదే 55 లక్షలు.

ఏటా అసలూ వడ్డీ కలిపి ఒకే మొత్తం కట్టే పద్ధతికి ఈ కిటుకు పనికిరాదు. అక్కడ మొత్తాన్ని అసలుతో భాగిస్తే చాలు. కాలిఫోర్నియా దానికి మంచి ఉదాహరణ. 2004లో మూలకణాల పరిశోధన కోసం 71వ ప్రతిపాదన వచ్చింది: అసలు 300 కోట్ల డాలర్లు, ముప్పై ఏళ్లలో కట్టేది 600 కోట్లని అంచనా. అప్పుకు అప్పంత వడ్డీ. అదే పని కొనసాగించడానికి 2020లో వచ్చిన 14వ ప్రతిపాదనలో అసలు 550 కోట్లు, ఏడాదికి 26 కోట్ల చొప్పున ముప్పై ఏళ్లకు 780 కోట్లు. మొదటిదాంట్లో డాలరు తెస్తే రెండు డాలర్లు కట్టాలి, రెండోదాంట్లో డాలరు 42 సెంట్లు. రాష్ట్రం అదే, గడువు అదే, మారింది వడ్డీ రేట్ల కాలం. రెండూ నెగ్గాయి. నా గుబులు మాత్రం గడువు గురించి. భవనానికి ముప్పై ఏళ్ల అప్పంటే అర్థముంది, భవనం అన్నాళ్లూ నిలబడుతుంది. నాలుగేళ్లలో ఖర్చయిపోయే గ్రాంటుకు అంత కాలం వాయిదాలా?

మన రాష్ట్రాల్లో ఓటరును అడిగే ఈ ఏర్పాటే లేదు. 2018 ఆగస్టులో అమరావతి కోసం రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ 2,000 కోట్ల రూపాయల బాండ్లు అమ్మింది, వడ్డీ 10.32 శాతం. పైసల్లో మీరే మార్చండి: సరిగ్గా 86 పైసలు. రూపాయల్లో చేసిన అప్పు వడ్డీనీ డాలర్లలో చేసిన అప్పు వడ్డీనీ మాత్రం ఒకే తక్కెడలో వేయకండి.

ఒహాయోకు మళ్లీ వద్దాం, అక్కడ గమనించాల్సింది ఒకటి మిగిలింది. 2003లో ‘థర్డ్ ఫ్రాంటియర్’ పరిశోధన పథకానికి 50 కోట్ల డాలర్లు అడిగితే ఓటర్లు తిప్పికొట్టారు. 2005లో అదే 50 కోట్లను 200 కోట్ల మూటలో పెట్టారు: 135 కోట్లు స్థానిక రోడ్లు, వంతెనలు, నీటి పనులకు, 15 కోట్లు పరిశ్రమల స్థలాలకు. నెగ్గింది. మూట కనిపిస్తే విప్పి, ఏ పద్దుకు ఎంతో విడివిడిగా రాసుకోండి. అలాగని పరిశోధన ఒంటరిగా గెలవదనీ అనలేం. 2010 మేలో ఆ పథకానికే మరో 70 కోట్లు ఒంటరిగా అడిగితే ఓటర్లు ఇచ్చారు.

అభ్యాసం: 2017 జూన్‌లో మెయిన్ ఓటర్లు 5 కోట్ల డాలర్ల బాండుకు సరేనన్నారు, నాలుగున్నర కోట్లు పరిశోధన, అభివృద్ధికి, 50 లక్షలు చిన్న వ్యాపారాల్లో పెట్టుబడికి. పదేళ్లు, సమాన అసలు, 25 పైసల వడ్డీ అనుకొని మొత్తం ఎంత కట్టాలో తేల్చండి. తర్వాత గడువును ఇరవై ఏళ్లకు మార్చి మళ్లీ వేయండి. రెండు జవాబుల మధ్య తేడా ఎంతో పక్కన రాసి ఉంచండి, 5వ పాఠం అక్కడే మొదలవుతుంది.